అరిగిన చోటు

ఇంకోసారి కొడితే పోతుందేమో, పోయినసారీ ఇలాగే అనుకున్నాను, అంతకు ముందుసారీ ఇలాగే అనుకున్నాను, ఎర్ర గొట్టం కొసని వాల్యూమ్ కంట్రోల్ వెనకున్న సన్నటి సందులో దూర్చి డబ్బా నొక్కితే బుస్సుమని లోపలికి పోయింది మురికి కడిగే మందు, ముక్కు అదిరేంత ఘాటు, ఇప్పుడు నాబ్ పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పుతూనే ఉండాలి, లోపల పేరుకున్న మురికి రాపిడికి వదిలి పక్కకి తప్పుకునేదాకా, తిప్పడానికి విసుక్కునేవాడు ఈ పనికి రాడని నాకు పని నేర్పిన పెద్దాయన అంటుండేవాడు, నాకు విసుగేం లేదు, ఇల్లు ఇంత చప్పుడు లేకుండా ఉన్నప్పుడు తిప్పడం కాక ఇంకేం చెయ్యను, లోపలి గదిలో మా ఆవిడ మెలకువగానే ఉంది, మంచం కిర్రుమనడం విన్నాను, మెలకువగానే ఉంది కానీ పిలవదు, ఆదివారం నుంచి ఒక్కసారి కూడా పిలవలేదు, సరే, తిప్పింది చాలు, ప్లగ్గు పెట్టి చూద్దాం, పచ్చ దీపం వెలిగింది, స్పీకర్లో సన్నగా గాలి వీచినట్టు చప్పుడు, అంటే ప్రాణం ఉంది, పాట పెట్టి నాబ్ మెల్లగా తిప్పుతున్నాను, శుభ్రంగా ఉంది, శుభ్రంగా ఉంది, ఇదిగో ఇక్కడ, గర్రుమంది, ఆ వెంటనే ఒక వైపు స్పీకరు పూర్తిగా మూగబోయింది, కాస్త తిప్పితే మళ్లీ ఏమీ ఎరగనట్టు పాడుతోంది. సరిగ్గా అక్కడే, ప్రతిసారీ అక్కడే. పాటల మాస్టారి ఆంప్లిఫయర్ ఇది, బడి పిల్లలకి ఇంట్లో పాటలు చెబుతారాయన, బాగుచేసి ఇచ్చాను అని పంపిస్తే రెండుసార్లు తిరిగొచ్చింది, నా బల్ల మీద నుంచి వెళ్లింది ఏదీ రెండోసారి నా గుమ్మం తొక్కలేదని చెప్పుకు తిరిగేవాణ్ణి, ఆ గొప్ప కూడా ఈ ఏడే పోవాలి.

ఏవండీ అని పిలిచేది. పిలిచేది అంటే మామూలుగా పిలవడం కాదు, ఆ ఒక్క మాటతో ఇల్లంతా నడిపేది, ఏవండీ అని దీర్ఘం తీస్తే గ్యాసు అయిపోయిందని, ఠక్కున తుంచేస్తే వాకిట్లో ఎవరో వచ్చారని, కొట్లో నేను బేరంలో పడి నోరు జారబోతుంటే పక్క నుంచి గుసగుసగా ఏవండీ అంటే ఇక చాలు, నోరు మూసుకుని నడవండి అని, నా మీద వేళాకోళానికైతే చివర గారూ తగిలించేది, ఏవండీ గారూ, మీ రేడియోల గోల పూర్తయితే ఈ ఇంట్లో మనుషులు కూడా ఉన్నారు, కాస్త చూసి పెడతారా, నేనేమో ఇక్కడ టంకం కాడ పట్టుకుని ఆఁ ఆఁ అంటూ ఉండేవాణ్ణి, ఆఁ అనడమే గానీ కదిలింది తక్కువ, మూడో ఏవండీకి గానీ లేచేవాణ్ణి కాదు, మొదటిదానికి లేస్తే పని చెడుతుందని ఒక వంక, రోజుకెన్నిసార్లు అనేదో ఎవరు చూశారు, ఆవిడ నోట ఏ మాటయినా తక్కువ తిరిగిందేమో గానీ అది తిరిగినంత ఏదీ తిరగలేదు, అటువంటి మాట ఎలా పోతుంది, మిగతావి పోయాయంటే ఏమో అనుకోవచ్చు, అది ఎలా పోతుంది, అదే నాకు మింగుడుపడనిది.

పోయిన చలికాలంలో ఒక పొద్దున బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ కూలబడింది, చేతిలో నా చొక్కా, క్లిప్పు పెట్టడానికి కూడా వీలు చిక్కలేదు, కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది, చెయ్యి నెమ్మదిగా తిరిగొస్తోంది, కప్పు పట్టుకుంటోంది, మాట దగ్గరే అంతా తికమక, డాక్టరు నన్నూ అమ్మాయినీ కూర్చోబెట్టి చెప్పాడు, ఆవిడకి అన్నీ అర్థమవుతాయండీ, మీరు చెప్పేది తెలుస్తుంది, తను చెప్పాలనుకునేదీ తెలుసు, మాట ఒక్కటే చేతికందదు, ఒకటి తియ్యబోతే ఇంకోటి వస్తుంది, నేను తలాడించాను, ఏదో అర్థమైనట్టు, ఆ మర్నాడు ఆసుపత్రి మంచం మీద మొట్టమొదటిసారి నోరు తెరిచి స్పష్టంగా ఒక మాట అంది, దువ్వెన. సంచీలోంచి దువ్వెన తీసిచ్చాను, తోసేసింది, మళ్లీ దువ్వెన అంది, పాపం చెయ్యి లేవడం లేదు, నన్ను దువ్వమంటోంది కాబోలనుకుని చిక్కు తియ్యడం మొదలుపెట్టాను, ఆవిడ పైకప్పు కేసి చూస్తూ ఓర్చుకుంది, ఇంత బండ మనిషిని చేసుకున్నానేమిటి అన్నట్టు, అమ్మాయికి ముందు తట్టింది, నాన్నా, అది నిన్నే, నిన్నే పిలుస్తోంది అమ్మ, అని పగలబడి నవ్వింది, నా నెత్తి చూసి ఇంకా నవ్వింది, అక్కడ వెంట్రుకన్నది కనపడక ఎన్నేళ్లయిందో, అన్ని వస్తువులుండగా దువ్వెనా నా పేరు, ఆవిడ కూడా నవ్వింది, పనిచేసే సగం మూతితోనే నవ్వింది, చాలా రోజులకి ముగ్గురం నవ్వాం, ఆ రోజు నాకు బాగానే ఉంది.

ఇంటికొచ్చాక ఒక్కొక్క మాటే దారిలో పడింది, నీళ్లు వచ్చింది, వద్దు వచ్చింది, తలుపు వచ్చింది, అమ్మాయి ముద్దుపేరు అచ్చంగా మునుపటిలాగే వచ్చేసింది, అమ్మాయి ఏడ్చేసింది విని, నేను పక్కన నిలబడి చూస్తున్నాను, ఇక నా వంతు అనుకుంటూ, దువ్వెన, నీళ్లు. దువ్వెన, కిటికీ. దువ్వెన, చాలు. కిటికీ కిటికీయే, నీళ్లు నీళ్లే, ఇంటికి పాలు పోసేవాడు కూడా ఆవిడకి మునుపటిలా అబ్బాయే, అందరివీ అన్నీ తిరిగొచ్చి నా ఒక్కడిదే తప్పు, సిగ్గు విడిచి చెప్పాలంటే నాకు కడుపులో మండేది, ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషిని, నా మాట ఎక్కడ పడిపోయింది నీకు, ఎవరైనా వచ్చినప్పుడు వాళ్ల ఎదుట దువ్వెనా అంటే వాళ్లు మొహం పక్కకి తిప్పి నవ్వుకుంటారు, నేను పళ్లికిలించి నిలబడతాను, మాట నేర్పే అమ్మాయి వారం వారం వచ్చి బొమ్మలు చూపించి పలికిస్తుంది, ఆ అమ్మాయిని అడిగాను, నా మాట ఎప్పుడొస్తుందమ్మా అని, చెప్పలేమండీ, కొన్ని వస్తాయి, కొన్ని రావు, మీరు మాత్రం మాట్లాడుతూ ఉండండి, ఆవిడ ఏ మాట అన్నా మీరు పలకండి అంది, రావు అన్నది నా చెవికెక్కలేదు, మాట్లాడుతూ ఉండండి అన్నది ఎక్కింది, అదే కదా నేను రోజూ చేసే పని, వాడకుండా మూల పడేసిన సెట్టులో ప్రతి స్విచ్చుకీ చిలుము పడుతుంది, నల్లగా తుప్పు పొర కడుతుంది, ప్లగ్గులు పెట్టే పిన్నుల మీద కూడా, రబ్బరుతో రుద్ది, మందు కొట్టి, పదే పదే తిప్పితే కింద మెరుస్తూ లోహం బయటపడుతుంది, ఆవిడ మాట మీదా పొర కట్టింది, అంతే, కింద అదే మాట ఉంది, తిప్పాలి, తిప్పుతూ ఉంటే అదే వస్తుంది.

అందుకని తిప్పాను. పొద్దున లేవగానే ఏవండీ, తిన్నాక ఏవండీ, పడుకోబోయే ముందు ఏవండీ, నా నోరు చూడు, ఏ, పళ్లు కనిపించాలి, వం, పెదాలు కలపాలి, డీ, ఆవిడ చూసేది నా నోటి కేసి, బుద్ధిగా, బడిపిల్లలా, ఏ అనేది, తర్వాత ఎక్కడో తప్పిపోయేది, ఏ, ఏ, ఏ, అక్కడే గర్రుమని ఆగిపోయేది, దు అని వేరే దారి పట్టేది, దు కాదు, దు వద్దు, మళ్లీ మొదటికి రా, ఆదివారం సాయంత్రం టీ పట్టుకెళ్లాను, గుమ్మంలో ఉండగానే చూసి మొహం విప్పుకుని దువ్వెన అంది, ఎంత సంతోషంగా అందో ఇప్పుడు గుర్తొస్తోంది, అప్పుడేమో నేను కప్పు చేతిలోనే ఉంచుకుని, ఏవండీ అను, ఇస్తాను అన్నాను, దువ్వెన అంది, నవ్వుతూనే, ఆటనుకుంది, కాదు, ఏవండీ, ఆవిడ నవ్వు ఆగిపోయింది, ఏ అంది, ఏ అంది, మెడ నరాలు పైకి లేచాయి, నేను అక్కడే నిలబడ్డాను స్తంభంలా, ఇంకొక్కసారి ప్రయత్నిస్తే వచ్చేస్తుంది అనుకుంటూ, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి, టీ మీద మీగడ కట్టింది, ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది, కప్పు బల్ల మీద పెట్టి వచ్చాను, పెట్టింది పెట్టినట్టే ఉంది మర్నాటికి.

అప్పటి నుంచి ఏదైనా కావాలంటే చెంచాతో గ్లాసు మీద కొడుతుంది, టంగుమని ఒక్కసారి, రెండోసారి కూడా కొట్టదు, నేను వినకపోతే ఊరుకుంటుంది. నీళ్లు అంటోంది, చాలు అంటోంది, అమ్మాయిని పేరుపెట్టి పిలుస్తోంది, నన్ను మాత్రం దేనితోనూ పిలవదు, అమ్మాయి రోజూ ఆఫీసు నుంచి ఇటే వచ్చి వాళ్లింటికి వెళుతుంది, నిన్న కనిపెట్టేసింది, ఏం జరిగింది నాన్నా, అమ్మ నిన్ను పిలవట్లేదేంటి అంది, ఏం లేదు, నేర్పిస్తున్నాను అన్నాను, దువ్వెన అంటే నీకేం పోయింది నాన్నా, నీకు తెలుస్తోందిగా నిన్నేనని, తెలుస్తోంది, తెలుస్తోందమ్మా, కానీ అలా వదిలేస్తే అదే నిలబడిపోతుందిగా, ఇక అదే నా పేరై కూర్చుంటుందిగా అన్నాను, కూర్చోనీ అంది అమ్మాయి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది, నాకు కోపం వచ్చింది, దానికేం తెలుసు, దాని పేరు దానికి తిరిగొచ్చింది.

ఫోను. మాస్టారే. ఏమండీ, సాయంత్రం రానా, అయిందా, పిల్లలు అడుగుతున్నారు, అయిపోతుంది మాస్టారూ, ఒక్క చోట కాస్త మొరాయిస్తోంది, అక్కడే గర్రుమని ఒక వైపు ఆగిపోతోంది అన్నాను, ఆ, గడియారంలో పదింటికి ముల్లు ఉండే చోటేనా అన్నారాయన, మీకెలా తెలుసు అన్నాను, తెలియకేమండీ, కొన్న రోజు నుంచి నేను పెట్టుకునేది అక్కడేగా, దానికంటే ఏమాత్రం పెంచినా పైవాటా ఆవిడ చీపురు కర్రతో నేల మీద పొడుస్తుంది, తగ్గిస్తే ఈ చెవికి వినపడదు, అక్కడ పెట్టి, పాట నేర్పేటప్పుడు ఆపడానికి తగ్గించి, మళ్లీ అక్కడికే తెచ్చి, మళ్లీ తగ్గించి, వేలు దానంతటదే అక్కడికి పోతుందనుకోండి, మరి ఇన్నాళ్లూ ఎలా విన్నారు మాస్టారూ, ఎలా ఏముంది, కాస్త పక్కకి జరిపి పెట్టుకున్నాను, పైవాటా ఆవిడకి నచ్చజెప్పుకున్నాను, ఆవిడ పనికి వెళ్లాకే పాఠం పెట్టుకుంటున్నాను, మరైతే నా దగ్గరికి ఎందుకు తెచ్చారు, మీరేగా తెమ్మన్నారు, శుభ్రం చేస్తే కొత్తదిలా అవుతుందని, అని నవ్వారు, తొందరేం లేదు లెండి అని పెట్టేశారు.

మీటరు తీశాను. ప్లగ్గు పీకి, కంట్రోల్ కాళ్లకి మీటరు ముళ్లు ఆనించి నాబ్ కదిపాను, అంకె మెల్లగా ఎక్కుతోంది, ఎక్కుతోంది, పదింటి చోటికి రాగానే ఏమీ లేదు, అంకె పోయి ఉత్త గీత, అవతల మళ్లీ అంకె, మురికైతే అంకె వణుకుతుంది, ఎగిరెగిరి పడుతుంది, ఇలా మాయమైపోదు, నాకు తెలుసు, కొత్తగా పనిలో చేరినవాడికి కూడా మొదటి నెలలోనే తెలుస్తుంది, మొదటిసారి తెచ్చినప్పుడే ఈ ముళ్లు ఆనించి ఉంటే తెలిసిపోయేది, ఎందుకు ఆనించలేదు, గరగర అనగానే మురికే అనుకోవడం, డబ్బా అందుకోవడం, ఇన్నేళ్ల అలవాటు, కంట్రోల్ ఊడదీశాను, వెనక రేకు చెవులు నాలుగూ స్క్రూడ్రైవర్ కొసతో లేపి తెరిచాను, లోపల నల్లటి పూత, గుర్రపు నాడా ఆకారంలో వంపు తిరిగిన పట్టీ, దాని మీద నడిచే ఇత్తడి ముక్క, పట్టీ అంతా నల్లగా నిగనిగలాడుతోంది, నేను కడిగిన కడుగుడుకి అద్దంలా ఉంది, పది దగ్గర మాత్రం గోరంత మేర పూత లేదు, కింద గోధుమ రంగు అట్ట కనబడుతోంది, అక్కడ మురికీ లేదు, ఏమీ లేదు, నడిచి నడిచి అరిగిపోయింది, ఎక్కువ ఎక్కడ తిరిగిందో అక్కడే.

ఎక్కువ ఎక్కడ తిరిగిందో అక్కడే, అనుకున్నాను, ఆవిడ నోట అన్నిటికంటే ఎక్కువ తిరిగిందీ ఆ ఒక్క మాటే. నాబ్ పట్టుకుంటే అది కూడా మునుపటిలా లేదు, కొత్తలో ఈ కంట్రోళ్ల ఇరుసులో చిక్కటి గ్రీజు పెడతారు, తిప్పుతుంటే బరువుగా, మెత్తగా, చేతికి ఆనుతుంది, మందు ఎక్కువ కొడితే అది కరిగి కారిపోతుంది, ఇంట్లో సొంతంగా మందు కొట్టుకునేవాళ్లకి నేనే చెబుతుంటాను, అతి చెయ్యకండి, గ్రీజు పోతే ఆ పట్టు మళ్లీ రాదు అని, ఇప్పుడు నా వేళ్ల మధ్య ఇది గిర్రున తిరుగుతోంది, ఎక్కడా నిలబడటం లేదు, మాస్టారు పక్కకి జరిపి పెట్టుకునేవారు, పక్కన బాగానే పాడేది, ఇప్పుడు ఆ పక్కన కూడా నిలవదు, ఆయన తెచ్చినప్పుడు ఉన్న పాటి కూడా లేకుండా చేశాను, ఈ సైజుది ఇప్పుడు ఎవరూ చెయ్యడం లేదు, వెతకాలి, దొరికితే మారుస్తాను, ఇదైతే మారుస్తాను.

టంగుమంది. చెంచా చప్పుడు, ఒక్కసారే, లేచాను, ఇంత త్వరగా ఎప్పుడూ లేచి ఎరగను, కుర్చీ పడింది, పడనీ, చేతులకి మందు కంపు, గుడ్డతో తుడుచుకుంటూ నడవలోంచి పోయి గుమ్మంలో నిలబడ్డాను, జల్లు కొడుతోంది, కిటికీలోంచి చినుకులు దుప్పటి మీద పడుతున్నాయి, దుప్పటి కొస తడిసిపోయింది, ఎంతసేపటి నుంచి తడుస్తూ కూర్చుందో, చెంచా ఎడమ చేతిలో ఉంది, నన్ను చూసి చెంచా కిందికి దించింది, తప్పు చేసినట్టు, నేను నవ్వడానికి ప్రయత్నించాను, దువ్వెన వచ్చాడు, చెప్పు, అన్నాను. నా బోడి నెత్తి మీద చెయ్యి పెట్టి చూపించాను, ఇదిగో, దువ్వెన, నేనే, ఏం కావాలో చెప్పు. ఆవిడ నవ్వలేదు. నా కేసి అలాగే చూసింది, నేను ఏదో మెలిక పెడుతున్నాననుకుంది కాబోలు, తల అడ్డంగా ఊపింది, కాదు, కాదు అన్నట్టు, కాస్త నిటారుగా సర్దుకుని కూర్చుంది, పళ్లు కనిపించేలా నోరు తెరిచింది, నేను నేర్పినట్టే, ఏ, అంది. ఏ. ఏ. వద్దోయ్ అన్నాను, వద్దు, దువ్వెన అను చాలు, అదే బాగుంది, అదే నా పేరు, ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆగమంది, ఈసారి వచ్చేస్తుందన్నట్టు, ఏ, పెదాలు కలపబోయింది, కలవలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏ.

కిటికీ మూశాను. తడిసిన దుప్పటి తీసి పొడిది కప్పాను, ఇవి చెయ్యగలను, ఇవి చేస్తున్నాను, మంచం అంచున కూర్చుని ఆ చేతిలోంచి చెంచా తీసుకుందామంటే వదలడం లేదు, దువ్వెన, దువ్వెన అని నేనే అంటున్నాను, ఆవిడ నా నోటి కేసి బుద్ధిగా చూస్తోంది, ఇది కొత్త పాఠమేమో అన్నట్టు, పెదాలు కదుపుతోంది, దు అనబోయి భయపడి ఆపేసింది, నా కేసి చూసింది, మళ్లీ ఏ అంది, బయట వాన పెరిగింది, సాయంత్రం అమ్మాయి వస్తుంది, దానికి ఏం చెప్పను, ఇన్నాళ్లూ ఈ ఇంట్లో నన్ను పిలుస్తూనే ఉంది ఈ మనిషి, చేతికి ఏ మాట అందితే ఆ మాటతో పిలిచింది, దువ్వెన అన్న ప్రతిసారీ నన్నే పిలిచింది, తప్పు తప్పు అని అన్నిసార్లూ వెనక్కి తిప్పి పంపించాను, ఇక ఆవిడ సరైన మాట దొరికితేనే పిలుస్తుంది, ఆ మాట ఆవిడ దగ్గర లేదు.